దొర చాకులో మెలికల ఊచ

ఆ రోజుల్లో మనిషి జేబులో ఏముందో చూసి అతని సంగతి చెప్పేవాళ్లు. పొడుం డబ్బా ఉంటే ఇంట్లో మాట చెల్లే పెద్దమనిషి, బీడీకట్ట ఉంటే పొలం పనివాడు, పెన్ను ఉంటే అయ్యవారు, ఏమీ లేకపోతే పెళ్లి కావలసిన కుర్రవాడు. (ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఒకటే వస్తువు ఉంటోంది కాబట్టి మనుషులను పోల్చుకోవడం కష్టమైపోయింది.) కర్నూలు మన రాష్ట్రానికి రాజధానిగా ఉండిన కాలమది. నేను ట్రైనింగు ముగించి ఆళ్లగడ్డ బడిలో కొత్తగా చేరాను. నా చొక్కా పక్కజేబులో పెన్నుతో పాటు ఒక చాకు కూడా ఉండేది. ఊళ్లో నాకు దొరికిన గౌరవంలో ముప్పాతిక వంతు ఆ చాకుదే. పాఠాలు అందరు అయ్యవార్లూ చెబుతారు. ఒకే పిడిలోంచి ఇన్ని పనిముట్లు తీసేవాడు మాత్రం ఆ చుట్టుపక్కల నేనొక్కడినే.

నంద్యాలలో చాలాకాలం ఉన్న ఒక మిషను దొర తన దేశానికి తిరిగిపోతూ ఇంట్లో సామానంతా తెలిసినవాళ్లకు పంచిపెట్టాడు. ఆయనకు తెలుగు నేర్పిన పుణ్యానికి మా నాయనకు చెయ్యి ఊడిన ఒక వాలుకుర్చీ, నాకు ఈ చాకు దక్కాయి. నల్లటి కొమ్ము పిడి. అందులో ఒక పెద్ద కత్తి, ఒక చిన్న కత్తి, డబ్బాలు తెరిచే కొక్కెం, మరలు తిప్పే మొన, వేలెడంత రంపం, బొమ్మలకు జుట్టు కత్తిరించడానికి సరిపోయే కత్తెర, చెప్పులు కుట్టే దబ్బనం, ఇవన్నీ కాక పందితోక మాదిరి మెలికలు తిరిగిన ఒక ఊచ. దొర ఆ చాకును నా అరచేతిలో పెట్టి ఇంగ్లీషులో ఏదో చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. ఏం చెప్పాడో అప్పుడే అడిగి ఉంటే ఈ కథ చెప్పవలసిన అవసరం ఉండేది కాదు.

ఏళ్ల తరబడి వాడినవాణ్ణి కాబట్టి ఆ చాకు మంచిచెడ్డలు సాధికారంగా చెప్పగలను. దాని గొప్పదనమంతా జేబులో ఉండడంలోనే ఉంది. ఇంట్లో ఎంత పదునైన కత్తిపీట ఉన్నా బస్సులో మామిడికాయ కోయడానికి అది రాదు కదా. పిల్లల పెన్సిళ్లు చెక్కడానికి, తెగిన చెప్పు ఉంగటం మళ్లీ దూర్చడానికి, కాలిలో ముల్లు తీయడానికి నా చాకే దిక్కు. ఇక లోపాలు. ఏది తెరవాలన్నా బొటనవేలి గోరు పెట్టి లాగాలి, అందుకని నా బొటనవేలికి గోరు ఎప్పుడూ సగమే ఉండేది. మనకు కావలసింది ఎప్పుడూ మనకు అక్కరలేనిదాని వెనకాల దాక్కుని ఉంటుంది. కొంచెం గట్టిగా నొక్కితే కత్తి వెనక్కి మడుచుకుని మన వేలినే కోస్తుంది. రంపంతో ఒకనాడు వేపపుల్ల కోయబోతే అది తెగేసరికి బడి గంట కొట్టారు. డబ్బాలు తెరిచే కొక్కేనికి ఆళ్లగడ్డలో డబ్బాలే లేవు. ఉన్న ఒక్క కిరసనాయిలు డబ్బా మీద ప్రయోగిస్తే కొక్కెం వంగింది, డబ్బా వంగలేదు. మా ఇంటి పక్కన గిత్తలను పెంచే రైతు ఒకాయన ఉండేవాడు. అందరూ గిత్తలాయన అనేవాళ్లు. ఆయన ఒకరోజు నా చాకును అటూ ఇటూ తిప్పి చూసి తీర్పు చెప్పాడు.

"అయ్యోరా, నీ చాకు ఇంటికొచ్చిన సుట్టం మాదిరుండాది. అన్ని పనుల్లోనూ చెయ్యి పెడతాది, ఏ పనీ ముగించదు."

అంతటి గిత్తలాయనకు కూడా అంతుబట్టనిది ఆ మెలికల ఊచ. ఎద్దు గిట్టలో విరిగిన ముల్లు తీయడానికేమో అన్నాడు, కాని ఎద్దును చూపించి నన్ను ప్రయత్నించమనలేదు. కొబ్బరికాయకు బెజ్జం పెట్టేదన్నారు కొందరు, చెవిలో గుబిలి తీసేదన్నాడు మా బడిలో డ్రిల్లు అయ్యవారు. (ఆయన చెవి ఆయనది, నేను కాదనలేదు.) పిల్లలు అడిగితే "ఇది పై తరగతుల్లో వస్తుంది" అని చెప్పేవాణ్ణి. నా మట్టుకు నేను దానికొక పని కనిపెట్టుకున్నాను. తడిసి బిగుసుకుపోయిన తాడు ముడిలోకి దాన్ని దూర్చి లాగితే ముడి వదులై వచ్చేది. ఆ చాకు మొత్తంలో వంక పెట్టడానికి వీల్లేకుండా జరిగిన పని అదొక్కటే.

మరలు తిప్పే మొనతో నేను చేసిన ఘనకార్యం మా చర్చి హార్మోనియం బాగుచేయడం. దాంట్లో ఒక మెట్టు నొక్కినా నొక్కకపోయినా మోగుతూ ఉండేది. విప్పాను, తుడిచాను, మళ్లీ బిగించాను. బిగించాక రెండు మరలు మిగిలాయి. అవి అవసరం లేనివని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఆ వారమే చర్చిలో కోత పండుగ. నంద్యాల నుంచి పాటల బృందం వచ్చింది. రెండో చరణం మధ్యలో హార్మోనియం ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది. పాడేవాళ్లందరూ ఆగిపోయారు, ఒక్కమ్మాయి తప్ప. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఆ అమ్మాయి ఏమీ జరగనట్టే చివరి చరణం దాకా ఒంటిగొంతుతో పాడి, పుస్తకం మూసి, హార్మోనియం వైపు ఒకసారి చూసి కూర్చుంది. నేను చేసిన తప్పును అంత నిబ్బరంగా దాటిపోగలిగిన మనిషి దొరికితే జీవితం గడిచిపోతుందనిపించింది. ఆ మాటే మా పెద్దమ్మతో చెప్పాను. (ఇన్ని మాటల్లో కాదు. "ఆ పచ్చచీర పిల్ల ఎవరు పెద్దమ్మా" అన్నాను, అంతే.)

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన మాట్లాడే మనిషి కాదు. కాబట్టి ఇంటి పెత్తనమంతా పెద్దమ్మదే. ఆమె వారం తిరక్కముందే వివరాలు తెచ్చింది. అమ్మాయి నంద్యాలలో ఒక కాంపౌండరు గారి రెండో కూతురు. కుటుంబం మంచిది, ఆస్తి లేదు, అడగబోము కూడా. చిక్కల్లా ఒక్కటే. ఆయన పెద్దకూతురిని ఇచ్చినవాడు తాగుబోతు అయ్యాడు. ఆమె దెబ్బలు తిని, చేతిసంచితో పుట్టింటికి వచ్చేసింది. అప్పటినుంచి కాంపౌండరు గారు చిన్నకూతురికి వచ్చిన సంబంధాల్లో ఒక్క విషయమే విచారిస్తున్నాడట. అనుమానం పిసరంత ఉన్నా వద్దంటున్నాడట. అప్పట్లో మద్యనిషేధం ఉండింది. అందువల్ల తాగేవాళ్లు లేరని కాదు, కనబడేవాళ్లు కారు. ఎవరు తాగుతారో తెలియనప్పుడు అందరినీ అనుమానించక తప్పదు కదా.

"నీకేం భయమురా, నీకు సోడా తాగినా పొర పోతాది" అంది పెద్దమ్మ. "ఆడికి పోయినాక గమ్మున కూచో. ఆ చాకు మాత్రం తీయొద్దు. పిల్లనిచ్చేటోళ్లు నిన్ను రిపేరోడు అనుకుంటారు."

ఒక ఆదివారం మధ్యాహ్నం నేనూ, నాయనా, పెద్దమ్మా బస్సెక్కి నంద్యాల పోయాము. వట్టి చేతులతో పోకూడదని పెద్దమ్మ ఒక సీసా తేనె తీసుకుంది. అహోబిలం పక్క అడవిలో నుంచి చెంచులు తెచ్చి అమ్మే తేనె అది. ఏదో పాత సీసాలో పోసి, ఒలికిపోకుండా బిరడాను గొంతులోకంటా కొట్టి పెట్టారు. దారిపొడుగునా ఆ సీసా నా ఒళ్లోనే ఉంది. అడ్డం పెట్టకురా అని ఒకసారి, ఎండ తగలనీయకురా అని ఒకసారి పెద్దమ్మ హెచ్చరిస్తూనే ఉంది. నేను మాత్రం ఆకుపచ్చ చీర గురించి ఆలోచిస్తున్నాను.

కాంపౌండరు గారు సన్నగా, శుభ్రంగా, ఆసుపత్రి మందుల వాసనతో ఉన్నాడు. ఇంట్లో అవ్వ, అంటే ఆయన తల్లి, దగ్గుతో మంచం మీద ఉంది. అమ్మాయి మేనమామ గోస్పాడు నుంచి భార్యతో సహా వచ్చి ఉన్నాడు. ఈ గోస్పాడు మామ ఒకప్పుడు మిలిటరీలో ఉండి, తిరిగొచ్చి సేద్యం చేసుకుంటున్నాడు. నిటారైన మనిషి, మెలితిప్పిన మీసం. ప్రార్థన కూటాల్లో తాగుడుకు వ్యతిరేకంగా ప్రసంగాలు చేయడంలో ఆ తాలూకాలోనే ఆయనకు పేరుండేది. (ఆయన తాగుడును ఎంత వివరంగా వర్ణించేవాడంటే వినేవాళ్లకు దప్పిక పుట్టేదని చెప్పుకునేవాళ్లు.) ప్రార్థన అయింది, చక్కిలాలు వచ్చాయి. అమ్మాయి కాఫీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందుకునేటప్పుడు నన్ను హార్మోనియాన్ని చూసినట్టే చూసింది. అంతా సవ్యంగా జరుగుతోందనే అనుకున్నాను.

అప్పుడు అవ్వ మంచం మీంచి అంది. "ఆళ్లగడ్డ తేనె తెచ్చినారంట గదా. రవ్వంత నా నోట్లో పొయ్యండి. దగ్గుతో సస్తాండా."

కాంపౌండరు గారు సీసా అందుకుని బిరడాను రెండు వేళ్లతో పట్టి లాగాడు. పైన కనబడే కొస కాస్తా చేతికి ఊడొచ్చింది. మిగతాది గొంతులోనే ఉండిపోయింది. ఆయన సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. అందరూ ఆ సీసానే చూశారు. సాయం చేయగల వస్తువు జేబులో పెట్టుకుని ఊరకుండడం ఎంత కష్టమో అలాంటి వస్తువు ఉన్నవాడికే తెలుస్తుంది. పెద్దమ్మ కళ్లతోనే వద్దంటోంది. నా చెయ్యి మాత్రం అప్పటికే జేబులో ఉంది. చిన్నకత్తితో ఆ ముక్కను తవ్వి తీద్దామని నా ఉద్దేశం. చాకు గుణం చెప్పాను కదా, కావలసింది రాదు. గోరు పెట్టి లాగితే చిన్నకత్తికి బదులు మెలికల ఊచ లేచి నిలబడింది.

"ఏదీ, ఆ చాకు ఈడ పెట్టు" అన్నాడు గోస్పాడు మామ.

చాకును చేతిలోంచి చేతికి ఇస్తే తగవులొస్తాయంటారు. మేము అలాంటివి నమ్మము, అయినా ఇవ్వము. బల్ల మీద పెట్టాను. ఊచ ఇంటికప్పు వైపు చూస్తూ నిలబడింది. మామ దాన్ని తీసుకుని, మెలికల మీద వేలు పెట్టి చూసి, కాంపౌండరు గారి వైపు తిరిగాడు.

"ఇదేందో తెలుసునా బావా? బ్రాందీ సీసాల బిరడాలు పీకే ఊచ. దొరల బంగళాల్లో ఉంటాది. ఇంక దేనికీ పనికిరాదు."

అందరి కళ్లూ సీసా మీంచి నా మీదికి తిరిగాయి. కాంపౌండరు గారు మెల్లగా అడిగాడు. "అయ్యోరా, ఇది నీదేనా?"

"దొరగారు ఊరికి పోతూ ఇచ్చిపోయినారండీ."

"దొర పేరు ఎత్తొద్దు. నీళ్లు గూడా కాంచి తాగిన మనిషి ఆయన. సరే, దీంతో నువ్వేం జేస్తాండావు?"

"తాడు ముడులు విప్పుతానండీ."

నేను చెప్పింది పూర్తిగా నిజం. అంత నమ్మశక్యం కాని మాట నా నోటినుంచి మళ్లీ ఎప్పుడూ రాలేదు. కాంపౌండరు గారు మా నాయన వైపు చూశాడు. నాయన అరుదుగా నోరు తెరిచే మనిషి, ఆ రోజు తెరిచాడు. "అది దేనికో నాకూ ఇప్పుడే తెలిసె" అన్నాడు. కొడుకు ఇన్నాళ్లూ తండ్రిని మోసం చేశాడన్నట్టుగా వినబడింది అది. పెద్దమ్మ ఊరుకోలేదు. దగ్గుమందు సీసాలకు గూడా బిరడాలుంటాయి గదన్నా అంది.

"మందు సీసా బిరడా బయటికుంటాదమ్మా. రెండు వేళ్లతో వస్తాది. దినామూ తీసేటోన్ని నాకు తెలీదా" అన్నాడాయన.

లోపలి గదిలోంచి ఆయన పెద్దకూతురు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆమె బుగ్గ మీద ఒక పాత మచ్చ ఉంది. కాంపౌండరు గారు మొదట ఆమెను చూసి, తర్వాత నన్ను చూశాడు. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆయన స్థానంలో నేనున్నా అలాగే చూసేవాణ్ణి. ఆకుపచ్చ చీర అమ్మాయి (ఆ రోజు కట్టుకున్నది నీలం చీర) అక్క భుజం వెనకాల నిలబడి నేల చూస్తోంది. ఈ సంబంధం చెయ్యి దాటిపోతోందని అర్థమై, నాకు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ప్రార్థన చేసుకుందామా" అన్నాడు కాంపౌండరు గారు.

మావాళ్లలో ఇంటికి వచ్చినప్పుడు ఒక ప్రార్థన, పోయేటప్పుడు ఒక ప్రార్థన. ఈ రెండోది మొదలయిందంటే ఇక చెప్పులు వెతుక్కోవాలి. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన గొంతు సవరించుకునేలోపల మంచం మీంచి అవ్వ కేక వేసింది. "తేనె ఇయ్యకుండానే ఆమెన్ అంటారా? దేవుడు యాడికీ పోడు. ముందు ఆ సీసా తెరవండి."

అవ్వ మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. ఎలాగూ పోయిన పరువే కదా అని నేను లేచి, నేను తీస్తానండీ అన్నాను. ఊచ దేనికో తెలిసింది కనుక ఇక ఎంతసేపు అనుకున్నాను. సీసాను బల్ల మీద నిలబెట్టి, ఊచను దబ్బనం పట్టినట్టు పట్టి, బిరడాలోకి పొడిచాను. లోపలికి పోలేదు. పిడి మీద అరచేత్తో కొట్టాను. బిరడా పొట్టు రాలింది. పక్కకు వంచి లేపబోయాను, ఇంకాస్త పొట్టు రాలింది, సీసా కదిలి తేనె మరక నా చొక్కాకయింది. పెద్దకత్తి అదంతట అది తెరుచుకుంది. దాన్ని మూయబోయి వేలు కోసుకున్నాను. గోస్పాడు మామ మీసం అదరడం మొదలుపెట్టింది.

"అట్ల పొడవకప్పా."

ఇంకాస్త నెమ్మదిగా పొడిచాను.

"పక్కకు వంచకు, ఇరుగుతాది. తిప్పల్ల. తిప్పల్లప్పా, తిప్పల్ల."

నేను ఊచను అలాగే పట్టుకుని సీసాను తిప్పాను, అదీ ఎడమవైపుకు. మామ కుర్చీలోంచి లేచాడు. చాకు చేతిలోంచి చేతికి మారకూడదన్నది కూడా మరిచి, రెండూ నా చేతుల్లోంచి లాక్కున్నాడు. "నీకు దండం పెడతా, ఇట్లియ్యి" అన్నాడు. సీసాను మోకాళ్ల మధ్య ఇరికించాడు. ఊచ మొనను బిరడా నడినెత్తిన ఆనించి, మణికట్టు ఒక్కటే కదిలిస్తూ తిప్పాడు. పొట్టు రాల్లేదు. ఊపిరి బిగబట్టి నిదానంగా లాగితే, బిరడా చిన్న చప్పుడుతో మర్యాదగా బయటికి వచ్చింది. చుక్క కూడా ఒలకలేదు. భుజం మీది తువ్వాలు కొసతో సీసా మూతి తుడిచాడు. ఆ తర్వాత బిరడాను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు అరమోడ్చి, వాసన చూశాడు.

ఈసారి అందరూ చూస్తున్నది నన్ను కాదు.

"ఏమయా" అంది ఆయన భార్య, "ఈ ఇద్దె యాడ నేర్చినావు?"

"మిలిటరీలో. దొరలకు తీసిచ్చేటోన్ని."

"తీసిచ్చేటోడు సీసా ఇచ్చి పోతాడు. బిరడా వాసన సూస్తాడా?"

మామ సీసాలోకి చూశాడు. తేనెలో ఏదో పడిందేమోనని పరీక్షిస్తున్న మనిషిలా చాలాసేపు చూశాడు. అప్పుడు కాంపౌండరు గారు నవ్వాడు. పెద్దగా కాదు, ముక్కుతో. "మా పెద్దల్లునికి ఊచ గూడా అక్కరలేకుండె, పండ్లతోనే పీకేటోడు" అన్నాడు. "ఈ అయ్యోరు చేతిలో సామాను పెట్టుకోని గూడా సీసా చుట్టూ యుద్ధం జేసె. తాగేటోనికి ఇంత చేతకానితనం ఉండదు." తర్వాత తలుపు వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వేమంటావు?" అని అడిగాడు. అడిగింది పెళ్లికూతురిని కాదు, పెద్దకూతురిని.

ఆమె నా చొక్కా మీది తేనె మరకను, నెత్తురు కారుతున్న వేలిని చూసింది. "ఇచ్చెయ్ నాయనా. ఈయప్ప నేర్చుకునేలోపల ముసిలోడైతాడు" అంది.

అందరూ నవ్వారు, అవ్వతో సహా. పెద్దకూతురి మాటకు ఆ ఇంట్లో నవ్వు పుట్టడం చాలాకాలానికి అదే మొదలని నా భార్య తర్వాత చెప్పింది. ఎండాకాలం సెలవుల్లో మా పెళ్లి అయింది. గోస్పాడు మామ పెళ్లికి వచ్చి ఆశీర్వదించాడు కాని ప్రసంగం చేయలేదు. ఆ తర్వాత కూటాల్లో కూడా ఆయన వేరే విషయాల మీద మాట్లాడడం మొదలుపెట్టాడు. ఇన్ని పనులొచ్చిన కుర్రవాడని చూసి పిల్లనిస్తారని నేను అనుకుంటూ వచ్చాను. రాని పనిని కళ్లారా చూసి ఇచ్చారు. చేతికి వచ్చిన పనులన్నీ ఆ చాకు మాదిరి సగం సగమే వచ్చినవాణ్ణి, రాని ఈ ఒక్క పని మాత్రం నాకు పూర్తిగా రాదు. అదే నన్ను కాపాడింది.

వదిన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. నర్సు పని నేర్చుకుని, ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా మా ఇంటికి వచ్చేది. వచ్చి కూర్చుని, చెల్లెలి ముఖం ఒకసారి పరీక్షగా చూసేది. తర్వాత దగ్గుమందో, ఆముదమో, ఏదో ఒక సీసా తెచ్చి నా ముందు పెట్టేది.

"ఏమప్పా అయ్యోరా, తీసేది నేర్చినావా?"

"ఇంకా లేదొదినా" అనేవాణ్ణి.

అప్పుడు నిమ్మళంగా కాఫీ తాగేది. ఆ జవాబు వినడానికే అంత దూరం వచ్చేదని నాకు చాలా ఏళ్లకు గాని తట్టలేదు. ఇప్పుడు ఆమె లేదు, ఆ మాట అడిగేవాళ్లూ లేరు. నేనైతే ముసలివాణ్ణయ్యాను. నేర్చుకోవడానికి కావలసినంత తీరిక ఉంది, కాని ఇప్పటికీ బిరడా బిగిసిన సీసా ఏది కనబడినా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, మా ఆవిడను పిలుస్తాను.